దుఃఖం పెట్టని ఫైలు

దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్ళను నేను మొహం మీదే తిట్టేదాన్ని. పురుగుల మందు తాగి మనిషి పోయిన ఇంట్లో మూడేళ్ళు కిరాయికి ఉన్నాను. నాకు అక్కడ ఏ దయ్యమూ కనపడలేదు. కిరాయి తక్కువ పడింది, అంతే. శ్మశానం పక్క చేనులో పత్తి ఏరాను, అక్కడే సద్ది తిన్నాను. కాబట్టి ఇది చదివి ముసలిదానికి మతి చలించిందని ఎవరైనా అనుకుంటే నాకు కోపం లేదు. ఇంకొకరు చెబితే నేనూ అట్లాగే అనుకునేదాన్ని.

నా పేరు యాదమ్మ. మాది మర్రిగూడ దగ్గర ఒక చిన్న ఊరు. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. ముప్పై దాటేసరికి నా మోకాళ్ళు బిగిశాయి, నలభైకి నడుము కర్ర అయింది. కింద కూర్చోలేను, వంగలేను. కింద పడ్డ చెంచా తీయాలంటే ఇంకొకరిని పిలవాలి. జాలి కోసం రాయడం లేదు. ఈ సంగతి తెలియకపోతే తర్వాతిది అర్థం కాదు.

చదువు కూడా ఆలస్యంగానే వచ్చింది. నలభై రెండేళ్ళ వయసులో రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను. అంతకు ముందు ఎవరు కాగితం చాపినా నేను బొటనవేలు చాపేదాన్ని. బడిలో నన్ను ఏడిపించింది విసర్గ ఒక్కటే. మా వాచకంలో విసర్గ ఉన్న మాట 'దుఃఖం' ఒక్కటే ఉండేది. మేం నోటితో దుక్కం అంటాం. నోట్లో లేని రెండు చుక్కలు రాతలో ఎందుకని పంతులుతో కొట్లాడాను. ఆయన ఎన్నిసార్లు ఎర్ర సిరాతో పెట్టినా నేను వదిలేసే రాసేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మర్రిగూడలో నీళ్ళ పరీక్ష చేసే చిన్న లాబ్ ఉండేది. నడిపింది ఎవరో రాయను, ఇప్పుడు అది లేదు. నేను అందులో సీసాలు కడిగేదాన్ని. నిలబడి చేసే పని కాబట్టి నాకు కుదిరింది. ఊళ్ళ నుంచి బోరు నీళ్ళు సీసాల్లో వస్తాయి. పరీక్ష చేసి, ఫలితాన్ని కంప్యూటర్‌లో ఎక్కించి, నల్లగొండలో ఉన్న మా పై ఆఫీసుకు పంపాలి. ఈ నీళ్ళు తాగొచ్చు, ఈ నీళ్ళు తాగొద్దు అని అక్కడ రాస్తారు. తాగొద్దన్న బోరింగుకు ఎర్ర రంగు పూస్తారు.

కంప్యూటర్ పని ఖాజాది. చిట్యాల పిల్లవాడు, ముప్పై ఏళ్ళుంటాయి. తండ్రి లేడు. తల్లి మిషన్ మీద బట్టలు కుడుతుంది. అతను నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మి అనేదాన్ని.

మొదట్లో ఫలితాలు పెన్‌డ్రైవ్‌లో పోయేవి. ఒకసారి మేం తాగొద్దని పంపిన బోరు పైకి చేరేసరికి తాగొచ్చు అయింది. దారిలో ఎవరు మార్చారో తేలలేదు. ఆ రోజు ఖాజా అన్నం తినలేదు. తర్వాత పట్టుపట్టి రెండు చోట్లా కంప్యూటర్లలో కొత్త పద్ధతి పెట్టాడు. నల్లటి తెర మీద ఒక్క వరుస రాస్తే ఫైలు ఇక్కడి కంప్యూటర్ నుంచి అక్కడి కంప్యూటర్‌కు నేరుగా పోతుంది. దారిలో ఎవరు పట్టుకున్నా వాళ్ళ చేతికి దొరికేది అర్థం లేని అక్షరాల మూట. విప్పలేరు, మార్చలేరు. ఇక మీదట అట్లా వచ్చిన ఫైలునే లెక్కలోకి తీసుకుంటామని పై ఆఫీసు కూడా ఒప్పుకుంది.

కొన్నాళ్ళకు ఆ చివర చూసుకోవడానికి ఖాజానే నల్లగొండ వేశారు. మర్రిగూడలో పరీక్షలు చేసే సునీత మేడం, నేను మిగిలాం. మేడం సగం రోజులు ఊళ్ళ మీదే ఉండేది. అందుకని పోయే ముందు ఖాజా ఆ ఒక్క వరుస నాకు నేర్పాడు.

"నాకెందుకు తమ్మి గీ ఇంగ్లీషు? తెలుగే సావుకు తప్పి బతుక్కొచ్చినట్టు నేర్సిన" అన్నాను.

"ఇంగ్లీషు అనుకోకక్కా, ముగ్గనుకో. ఏడ చుక్క పెట్టాల్నో ఆడ పెట్టుడే."

ముందు ఎస్, సి, పి. దాన్ని 'సీసా పంపు' అని గుర్తు పెట్టుకోమన్నాడు. తర్వాత ఒక ఖాళీ. ఫైలు పేరు. మళ్ళీ ఖాళీ. తర్వాత ఖాజా అని అతని పేరు, దానికి ఆనుకుని చుట్ట తిరిగిన ఒక అక్షరం, దానికి ఆనుకుని అమ్మి. నల్లగొండ కంప్యూటర్‌కు అతను పెట్టిన పేరు అమ్మి. వాళ్ళ అమ్మను అట్లాగే పిలుస్తాడు.

"మిషన్‌కు అమ్మ పేరు పెట్టినవేంది?"

"ఏం పంపినా పారేయకుంట దాస్తది. గందుకే."

"మరి గా సుట్ట తిరిగినది?"

"అది 'దగ్గర' అన్నట్టు. ఖాజా అమ్మి దగ్గర ఉన్నడు, గాడికి పంపు అని చెప్తున్నవ్."

అన్నిటికన్నా చివర, ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు. నాకు చటుక్కున పాత పగ గుర్తుకొచ్చింది. "గివి దుక్కం చుక్కలు గదా" అన్నాను. ఖాజా పడీ పడీ నవ్వాడు. నవ్వి, జాగ్రత్తగా చెప్పాడు.

"అవునక్కా, దుక్కమే. గా దుక్కం పెట్టకుంటే ఫైలు గడప దాటదు. చివర రాసిన పేరుతోనే గీ మిషన్‌లనే ఇంకో ఫైలు తయారై కూసుంటది. పోయిందనుకొని నువ్వు ఇంటికి పోతవ్. అది ఈడనే ఉంటది."

నేను చాలాసార్లు మరిచాను. అప్పుడు నల్లగొండ నుంచి ఫోన్ వచ్చేది. "అక్కా, మల్ల దుక్కం మరిసినవ్." నేను ఊరుకునేదాన్ని కాదు. "మరిస్తే మంచిదే గదరా!" "మనకు మంచిదే, బోరుకే మంచిది గాదు" అనేవాడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఫైలు పోయే ముందు, అవతల ఉన్నది నిజంగా అమ్మినా, అమ్మి వేషం కట్టిన ఇంకొక మిషనా అని చూసుకోవాలి. ప్రతి మిషన్‌కూ ఒక వేలిముద్ర ఉంటుందట. ఆ మాట విని నేను ఒప్పుకున్నాను. సగం జీవితం వేలిముద్ర మీద బతికిన దాన్ని నేను. కానీ ఆ ముద్ర అంతా పొడుగాటి అక్షరాల కలగూర. నేను దాన్ని చదివి పోల్చుకునేసరికి మధ్యాహ్నమయ్యేది. ఖాజా ఏదో మార్చాడు. అప్పటి నుంచి ఆ వేలిముద్ర ముగ్గు లాగా వచ్చేది. గీతల పెట్టె. లోపల చుక్కలు, సున్నాలు, కూడికలు. సరిగ్గా నడుమ ఒక ఎస్. ఒక్కో మిషన్‌కు ఒక్కో ముగ్గు.

"నీకు వంగకుంట ఏసే ముగ్గు తెచ్చిన అక్కా" అన్నాడు.

నేను వాకిట్లో ముగ్గు వేసి అప్పటికి ఇరవై ఏళ్ళు. అటు తిరిగి సీసాలు కడుక్కున్నాను.

అమ్మి ముగ్గును అతను కాగితం మీద గీసి గోడకు అంటించాడు. ఒక్క చుక్క తేడా ఉన్నా లోపలికి పోయే మాట, అదే పాస్‌వర్డ్, కొట్టొద్దు, ముందు నాకు ఫోన్ చెయ్యి అన్నాడు. "దేవుడొచ్చి అడిగినా ఇయ్యకు." ఆ మాట కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనపడదు. గుడ్డిగా కొట్టాలి. అది ఖాజాకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఫైలు అందగానే ఫోన్ చేసేవాడు. "ముట్టింది అక్కా." అంతే, పెట్టేసేవాడు. ఆ రెండు మాటలు వినేదాకా నాకు కుదురుండేది కాదు.

ఒక ఎండాకాలం మా ఊరి బడిలో కొత్త బోరు వేశారు. నీళ్ళు ఎగజిమ్మాయి. ఊరంతా సంబరపడింది. బోరు వేయించిన గుత్తేదారు దాన్ని బడి ట్యాంకుకు కలిపి, బడి తెరిచే రోజు చేతులు దులుపుకోవాలనుకున్నాడు. అతను తెచ్చిచ్చిన మొదటి సీసా మంచిదని వచ్చింది. నాకు నమ్మకం కలగలేదు. ఆ బోరుకు వంద గజాల దూరంలో ఉన్న బోరింగు నీళ్ళే నేను తాగి పెరిగినవి.

రెండో సీసా నేనే నింపాను. బోరు దగ్గర నిలబడి, నా మనవరాలితో పట్టించి, మూత నా చేత్తో బిగించాను. మనవరాలు అదే బడిలో రెండో తరగతి. సునీత మేడం సాయంత్రం పరీక్ష చేసింది. తాగొచ్చు అనే గీతకు నాలుగింతలు ఫ్లోరైడ్ ఉంది.

మరునాడు పదకొండు గంటలకు నల్లగొండలో మీటింగు. అప్పటికి కొత్త ఫలితం అందకపోతే పాత సీసా ఫలితమే ఖాయం. సాయంత్రానికి బోరును ట్యాంకుకు కలుపుతారు. మేడం ఫలితం ఎక్కించగానే వర్షం గాలికి కరెంటు పోయింది, ఫైలు పంపలేకపోయాం. సునీత మేడం తెల్లవారే అచ్చంపేటలో అన్న పెళ్ళికి పోవాలి. ఫైలు పేరు చీటీ మీద రాసి నా చేతిలో పెట్టింది.

"కరెంటు రాంగనే పంపు యాదమ్మా. చుక్కలు యాది మరువకు."

పొద్దున తొమ్మిదిన్నరకు లాబ్‌లో ఉన్నాను. కరెంటు లేదు. ఖాజాకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. పది నిమిషాలకు మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అతను ఎప్పుడూ అట్లా చేయడు. బండి మీద ఉన్నాడేమో అనుకున్నాను. పదింటికి పై ఆఫీసు పెద్ద సారుకు చేశాను.

"సారూ, మా బడి బోరు మంచిది గాదు. నాలుగింతలున్నది. కరెంటు లేదు, నోటితోనే చెప్తున్న, రాస్కోండ్రి."

"నోటి మాట నడ్వదు యాదమ్మా. రూలు పెట్టుమని లొల్లి చేసింది మీ ఖాజానే. ఫైలు రావాలె."

"మీ పిల్లలు తాగుతరా సారూ గా నీళ్ళు?"

ఆయన పెట్టేశాడు. నా నోరు అట్లాంటిది.

నిలబడలేక, కూర్చోలేక ఆ గదిలో అటూ ఇటూ తిరిగాను. పదీ ఇరవై అయిదుకు ఫ్యాను కదిలింది. కంప్యూటర్ వేశాను. అది లేచేదాకా ఒక యుగం. పక్కన బ్యాటరీ డబ్బా కీచుకీచుమంటూనే ఉంది. నల్ల తెర తెరిచాను. ఒంటి వేలితో కొట్టాను. సీసా పంపు. ఖాళీ. చీటీ చూసి ఫైలు పేరు. ఖాళీ. ఖాజా. చుట్ట తిరిగిన అక్షరం. అమ్మి. చివరి మీట నొక్కాను.

పెట్టె వచ్చింది. లోపల ముగ్గు లేదు.

నాలుగు గీతలూ ఉన్నాయి. లోపల చుక్క లేదు, సున్నా లేదు, నడుమ ఉండే ఎస్ కూడా లేదు. ఊడ్చిన వాకిలి లాగా ఉంది. గోడ మీది కాగితం చూశాను, తెర చూశాను. కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాను.

మా దిక్కు ఒక ఇంటి ముందు పొద్దెక్కినా ముగ్గు లేదంటే ఎవరూ ఎందుకని అడగరు. ఆ ఇంట్లో చావు జరిగిందని అర్థం. ఆ ఆలోచన నేను పిలవకుండానే వచ్చింది. నన్ను నేను గట్టిగా తిట్టుకున్నాను. గదిలో ఎవరూ లేరు కాబట్టి పైకే తిట్టుకున్నాను.

ముగ్గు మారితే మాట ఇవ్వొద్దని ఖాజా చెప్పాడు. ఫోన్ చేశాను, అది అయిదోసారి. మోగి మోగి ఆగిపోయింది. గోడ గడియారంలో పదీ నలభై దాటింది. కింద ఆ వరుస లోపలికి పోయే మాట అడుగుతూ నిలబడి ఉంది. ఇస్తే ఖాజా మాట తప్పినట్టు. అవతల ఎవరున్నారో తెలియదు. ఇవ్వకపోతే బడి తెరిచిన రోజు నుంచి నా మనవరాలు, ఆమెతో పాటు బడి పిల్లలంతా ఆ నీళ్ళు తాగుతారు. ముప్పై ఏళ్ళకు వాళ్ళ మోకాళ్ళు ఎట్లా ఉంటాయో నేను వేరే ఎక్కడా చూడనవసరం లేదు.

మాట కొట్టాను. ఫైలు పేరు వచ్చింది, పక్కన వంద అని వచ్చింది. వంద అంటే మొత్తం పోయినట్టు. అది నా కళ్ళతో చూశాను. పెట్టె మాయమై ఆ వరుస మళ్ళీ ఖాళీగా నిలబడింది. అయిదు నిమిషాలకు కరెంటు మళ్ళీ పోయింది.

'ముట్టింది' అనే ఫోన్ కోసం చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఒంటి గంటకు ఖాజా నంబరు నుంచే వచ్చింది. ఎత్తగానే "ఏం తమ్మి, ఎన్నిసార్లు జెయ్యాలె!" అని అరిచాను. మాట్లాడింది అతని మేనమామ.

ఆ పొద్దున ఎనిమిదిన్నరకు ఖాజా చిట్యాల నుంచి బండి మీద బయలుదేరాడు. హైవే ఎక్కకముందే లారీ తగిలింది. నల్లగొండ దవాఖానకు తెచ్చారు. పదకొండు కొట్టకముందే పోయాడు.

ఖాజా పోయాడని ఆ రోజు మీటింగు జరగలేదు. మూడో రోజుకు పెట్టారు. ఫలితం గడువు లోపల అందలేదు కాబట్టి బోరు కలపాల్సిందేనని గుత్తేదారు పట్టుపట్టి కూర్చున్నాడట. నేను పంపాను, వంద అని వచ్చింది అని ఫోన్‌లో ఎంత చెప్పినా పెద్ద సారు వినలేదు. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి నల్లగొండ పోయాను.

అమ్మి ఉన్న గదికి తాళం. తాళంచెవి ఒక్కటే, అది ఖాజా జేబులో ఉండేది. మేనమామ దాన్ని తెచ్చాడు. అంగీతో పాటు దవాఖానలో ఇచ్చారట. గది తెరిచినప్పుడు పెద్ద సారు, గుత్తేదారు, మేనమామ, నేను, నలుగురం ఉన్నాం.

కంప్యూటర్ ఆపి ఉంది. కరెంటు వైరు గోడ నుంచి తీసి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టి ఉంది. ఒకసారి పిడుగుకు మిషన్ కాలినప్పటి నుంచి ఖాజా రోజూ సాయంత్రం అట్లా తీసి పెట్టి పోయేవాడు. అంటే అతను పోవడానికి ముందు రోజు సాయంత్రం ఆపిన తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు.

"యాదమ్మా, మిషన్‌కు కరెంటే లేదు. నువ్వు పంపింది ఏడికొస్తది?" అన్నాడు పెద్ద సారు. కోపంగా కాదు, మెల్లగా.

"ముసలమ్మ కల గన్నది సారూ" అన్నాడు గుత్తేదారు.

"కల నీ బోరు మీదనే ఎందుకొస్తది బిడ్డా? పెట్టి సూడున్రి" అన్నాను.

వైరు పెట్టారు. మిషన్ లేచింది. లోపలికి పోయే మాట అడిగితే నేనే కొట్టాను. ఫైళ్ళు వరుసగా వచ్చాయి. అన్నిటికన్నా పైన మా బడి బోరు ఫైలు. పక్కన తేదీ ఆ రోజుదే. సమయం పదీ నలభై రెండు. పెద్ద సారు తన చేతి గడియారంతో మిషన్ గడియారాన్ని పోల్చి చూశాడు. నిమిషం తేడా లేదు. ఫైలు తెరిచాడు. నాలుగింతలు, అదే అంకె.

గుత్తేదారు మేనమామ వైపు ఒకసారి చూసి గది బయటికి నడిచాడు. పెద్ద సారు రుమాలుతో మెడ తుడుచుకుని, తాగొద్దు అని రాసి సంతకం పెట్టాడు. ఆ వారంలోనే మా బడి బోరుకు ఎర్ర రంగు పూశారు. నేను పక్కనే నిలబడి పూయించాను.

అప్పటికి నాకు భయం లేదు. దేనికో ఒక కారణం ఉంటుందిలే అనుకున్నాను. అసలు భయం నాలుగో రోజు వచ్చింది.

పెళ్ళి నుంచి తిరిగొచ్చిన సునీత మేడం కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నట్టుండి నన్ను పిలిచింది.

"యాదమ్మా, ఫైలు పంపలే నువ్వు."

"పంపిన మేడం. ఆడ సూసొచ్చిన గూడ."

"ఇగో, చుక్కలు పెట్టలే. ఫైలు ఈడనే ఉన్నది."

చూపించింది. మా మిషన్‌లోనే కొత్త ఫైలు ఒకటి కూర్చుని ఉంది. దాని పేరు ఖాజా, చుట్ట తిరిగిన అక్షరం, అమ్మి. సమయం పదీ నలభై రెండు. మేడం పై బాణం మీట నొక్కింది. మునుపు కొట్టిన వరుసలన్నీ ఆ మీట నొక్కితే తిరిగి వస్తాయి. ఆ రోజుది ఒకే ఒక్క వరుస. చివర చుక్కలు లేవు. రెండోసారి కొట్టిన గుర్తే లేదు.

"మరి ముగ్గు పెట్టె వచ్చింది గదా? మాట అడిగింది గదా?"

మేడం నా వైపు వింతగా చూసింది. చుక్కలు లేకపోతే మిషన్ బయటికే పోదని, పెట్టె రాదని, మాట అడగదని, వంద అని కూడా చూపించదని చెప్పింది. నడుమ ఎస్ లేకుండా ఆ ముగ్గు ఎప్పుడూ రాదని కూడా చెప్పింది. నా ముందే రెండుసార్లు కొట్టి చూపించింది. ఆమె చెప్పినట్టే అయింది.

అంటే ఇక్కడి నుంచి ఫైలు పోలేదు. అక్కడ తీసుకునే మిషన్‌కు కరెంటు లేదు. అయినా ఫైలు అక్కడ ఉంది. మరి లోపలికి పోయే ఆ మాట నేను ఎవరికి ఇచ్చాను?

ఆ ఫైలును తుడిచేయనా అని మేడం అడిగింది. వద్దన్నాను.

ఖాజా పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలకు చిట్యాల పోయాను. ఖాజా తల్లిని చూడటం అదే మొదలు. కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. జనం పలచబడ్డాక నా చెయ్యి పట్టుకుని పక్కన స్టూలు వేసింది. నేను కింద కూర్చోలేనని ఆమెకు ముందే తెలుసు.

"నీ ముచ్చట మస్తు చెప్తుండె. యాదమ్మక్క దుక్కం మరుస్తది అని నవ్వుతుండె. నాకు సమజ్ గాలే."

ఆమే మళ్ళీ అందుకుంది.

"నేను దవాఖానకు వొయ్యేసరికి పది దాటింది. తల నా ఒళ్ళె పెట్టుకున్న. కండ్లు తెర్వలె. ఆఖరుకు ఒక్కటే మాట అన్నడు. మేం ఇంట్ల ఉర్దూనే మాట్లాడుకుంటం యాదమ్మా. వాడు నాతోని ఎన్నడు తెలుగుల మాట్లాడలె. గప్పుడు మాత్రం తెలుగుల అన్నడు. 'ముట్టింది' అన్నడు. ఏం ముట్టిందో నీకేమన్న ఎర్కనా?"

నేను ఎవరి ముందూ నోరు మూసుకున్న దాన్ని కాదు. ఆమె చెయ్యి వదలకుండా, "బడి పిల్లల కాగితం చెల్లె. నేనే పంపిన" అన్నాను. మిగతాది చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఊరికి పైపుల్లో నది నీళ్ళు వస్తున్నాయి. నా మనవరాలు పరుగు పందెంలో ఉరుకుతుంది. తెలిసినవాళ్ళు తలా ఒక కారణం చెప్పారు. గడియారం తప్పన్నారు, ఇంకొక తాళంచెవి ఉందన్నారు, నాకు కంగారులో కళ్ళు కమ్మాయన్నారు. ఒక్కొక్కటీ ఒక్కొక్క దానికి సరిపోతుంది. అన్నిటికీ కలిపి సరిపోయేది ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేను. దయ్యమని మాత్రం అనను. ఖాజాను ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

లాబ్ మూసేసిన రోజున చివరిసారి ఆ కంప్యూటర్ తెరిచి చూశాను. ఆ ఫైలు పేరు అట్లాగే ఉంది. ఒంటి వేలు పెట్టి, అతను నేర్పినట్టే, అక్షరం అక్షరం చదువుకున్నాను. ఖాజా. దగ్గర. అమ్మి. ఖాజా అమ్మి దగ్గర.

చివర దుఃఖం లేదు. కంగారులో నేను మరిచానా, మరొకరు తీసేశారా, నాకు ఇప్పటికీ తెలియదు.